జపాను దేశమునందలి చిత్రకథల సంత

గ్రంథము పుట్టుటకును పాఠకునిఁ జేరుటకును నడుమ సామాన్యముగా నలువురు నిలుతురు: ప్రకాశకుఁడు, ముద్రాపకుఁడు, టోకువర్తకుఁడు, అంగడివాఁడు. ఈ నలువురిలో ముద్రాపకుని దక్కఁ దక్కినవారిని విడిచి, కర్తయే తన పుస్తకమును మోసికొనివచ్చి, బల్లపైఁ బఱచి, చదువరి కన్నులయెదుట నిచ్చి వెల పుచ్చుకొను పద్ధతి యొకటి జపాను దేశమున నేఁబదియేండ్లుగా నడచుచున్నది. ఆ పద్ధతికిఁ బట్టుగొమ్మయైన సమావేశమునకు 'కోమిక్కు మార్కెట్టు' అని పేరు. జనులు దానిని గుదించి 'కోమికెట్టు' అందురు. తెలుఁగున దీనిని 'చిత్రకథల సంత' యనుట యుక్తము. 1975వ సంవత్సరము డిసెంబరు 21వ తేదిని 32 మండలులతో మొదలైన యీ సంత, 2019 డిసెంబరునాఁటికి నాలుగు దినములలో 7,50,000 రాకలను లెక్కించినది. ఇంతగా వృద్ధిపొందియు, అందుఁ బుస్తకములు పెట్టుకొని కూర్చుండువారు తాము 'అమ్ముచున్నాము' అని చెప్పరు. 'పంచుచున్నాము' అనియే చెప్పుదురు. ఈ మాటయందు సత్యమెంత, మర్యాద యెంత యను నంశము విచారింపఁదగినది. అది తేలినఁగాని యీ సంత యొక వర్తకశాలయో, యొక సాహిత్యసభయో తేలదు.

శబ్దవిచారము

ఈ సంతలోఁ జేతులు మాఱు పుస్తకమునకు 'దోజిన్‌షి' యని పేరు. ఇందు 'దో' యనఁగా సమానము, 'జిన్' అనఁగా మనుష్యుఁడు, 'షి' యనఁగాఁ బత్రిక. సమానమైన యభిరుచి గలవారు తమలోఁ దాము వ్రాసికొని, అచ్చొత్తించుకొని, చదివికొను పత్రిక యని ఫలితార్థము. సంస్కృతమున సమానశబ్దమునకు 'స' యను నాదేశము వచ్చి యేర్పడిన సతీర్థ్య, సబ్రహ్మచారి శబ్దములు దీనికి మిక్కిలి దగ్గఱివి. ఒకే గురువునొద్దఁ జదివినవారు సతీర్థ్యులైనట్లు, ఒకే కళయందు మనసు నిలిపినవారు 'దోజిన్'లు.

సంతలో బల్ల పుచ్చుకొను వర్గమునకు 'సాకురు' అని పేరు. ఇది మండలి యను నర్థముగల యొక యాంగ్లేయశబ్దమునకు జపాను రూపము. అయితే పెక్కుమండలులయందు సభ్యుఁ డొక్కఁడే యుండును. ఒక్కఁడే కథ కల్పించి, ఒక్కఁడే బొమ్మలు వ్రాసి, ఒక్కఁడే యచ్చువేయించి, ఒక్కఁడే బల్లవెనుకఁ గూర్చుండి, తన్నుఁ దాను మండలి యని చెప్పుకొనును. లోకులకిది వింతగాఁ దోఁపవచ్చును గాని వైయాకరణునకు వింత గాదు. అస్మచ్ఛబ్దమును ఒక్కనియందును బహువచనమునఁ బ్రయోగించుటకుఁ బాణినీయము వైకల్పికముగా ననుజ్ఞ యిచ్చియే యున్నది. తనవంటివారు మఱికొందఱు కలరను నమ్మకమే యీ మండలిత్వమునకు మూలము.

మూఁడవ మాట 'హంపు'. పుస్తకము నిచ్చి వెల పుచ్చుకొను క్రియను సంతవారు విక్రయార్థకమైన మాటతోఁ గాక, పంచిపెట్టుట యను నర్థముగల యీ మాటతో వ్యవహరింతురు. కాని యిట్టి సమావేశములకు సామాన్యనామము 'సోకుబైకై'. ఇందు 'సోకు' తత్క్షణము, 'బై' అమ్మకము, 'కై' సభ. అనఁగా సభపేరున నమ్మకము కలదు. సభలోని క్రియకు మాత్రము పంపకమని పేరు. వితరణ విక్రయ శబ్దములు రెండింటను ఉపసర్గము 'వి' యొక్కటియే; ధాతువులే వేఱు. 'తౄ' ధాతువు పరస్మైపది. 'క్రీ' ధాతువు స్వతః ఉభయపది యైనను, 'వి'తోఁ గూడినప్పుడు క్రియాఫలము కర్తనుఁ జేరినను జేరకున్నను ఆత్మనేపదమే యగును. ఫలము లేకున్నను ఆత్మనేపదమును విడువని యీ ధాతుస్వభావము, ముందు చెప్పఁబోవు మండలుల జమాఖర్చులకు మిక్కిలి సరిపోవును.

పూర్వరంగము

సమానాభిరుచిగలవారి పత్రిక జపానున చిత్రకథలతోఁ బుట్టినది కాదు, సాహిత్యముతోఁ బుట్టినది. 1885లో ఒజాకి కోయో, యమదా బిమ్యో మున్నగు యువకులు 'కెన్యూషా' అను సంఘమును స్థాపించి, 'గరకుతా బుంకో' యను పత్రికను నడపిరి. గరకుతా యనఁగాఁ బనికిరాని చిల్లరసామాను. పత్రిక కట్టి పేరు పెట్టుకొనుటలోనే, లోకము తమ్ముఁ గొనవలెనను నాశ వారికి మొదట లేదని తెలియుచున్నది. తొలిసంచికలు చేతివ్రాతప్రతులు; సభ్యులనడుమ నవి చేతినుండి చేతికిఁ దిరుగుచుండెను. 1886లో నచ్చునకెక్కి, 1888లో బహిరంగవిక్రయమునకు వచ్చినవి. 1916లో అకుతగవా ర్యూనోసుకె తన 'హనా' యను కథను ప్రకటించినదియు 'షిన్‌షిచో' యను నిట్టి పత్రికయందే. దానిని జదివి నత్సుమె సోసెకి మెచ్చికొని జాబు వ్రాయుటతో నా యువకునకుఁ గవియశము లభించెను. చేతివ్రాత, పరిమితముద్రణము, బహిరంగవిక్రయము అను నీ మూఁడుమెట్లనే చిత్రకథలును దరువాత నెక్కినవి.

చిత్రకథకు జపానుభాషలో 'మంగా' యని పేరు. కట్టుబాటులేని చిత్ర మని యవయవార్థము. 1953లో బాలుఁడైన ఇషినోమొరి షోతారో తన తోడివారితోఁ గలిసి 'బొకుజూ ఇత్తెకి', అనఁగా 'ఒక్క సిరాచుక్క', అను పత్రికను నెలకొల్పెను. దానికిఁ బ్రతి యొక్కటియే. సభ్యులు మూలచిత్రములనే కుట్టి యొకరినుండి యొకరికిఁ బంపుకొనిరి. తెలుఁగుదేశపు పాఠశాలలయందు లిఖితపత్రికలు నడపిన పండితుల కీ పద్ధతి నూతనము గాదు. అటుపిమ్మట మైనపుకాగితముపై నినుపగంటముతో గీసి సిరా పూసి ప్రతులు తీయు పద్ధతి వాడుకలో నుండెను. 1970 తరువాత ఆఫ్‌సెట్టు ముద్రణము చౌకయై, కొలఁదిప్రతులను సైతము వేసియిచ్చు చిన్న యచ్చుకూటములు వెలసినవి. వంద రెండువందల ప్రతులు వేయించుట బడిపిల్లల జేబుసొమ్ముతో సాధ్యమయ్యెను. ముద్రణము సులభమైనపిదప మిగిలిన చిక్కు ఒక్కటియే: ఆ ప్రతులను ఎచ్చట, ఎవ్వరికిఁ జూపుట?

ఆ ప్రశ్నకుఁ దెజుకా ఒసాము 1967లో నెలకొల్పిన 'కోమ్' పత్రిక కొంతకాలము సమాధానమిచ్చెను. నూతనచిత్రకారుల రచనలను విమర్శించుటయే గాక, ఊరూర నున్న చిత్రకథాభిమానుల సంఘములను బరస్పరము కలుపుటయు దాని పనియై యుండెను. 1971తో నా పత్రిక యథాక్రమముగా వెలువడుట నిలిచిపోఁగా, యువకులకుఁ గూడలి లేకపోయెను. 1970 దశాబ్దమున 'నిహోన్ మంగా తైకై' యను వార్షికసభ యొకటి జరుగుచుండెను. 1975లో నా సభానిర్వాహకులను విమర్శించిన యొక వ్యక్తికిఁ బ్రవేశము నిరాకరింపఁబడెను. చిత్రకథావిమర్శనమునకై యేర్పడిన 'మెయిక్యూ' అను మండలి యా నిరాకరణమును ఖండించెను. యోనెజావా యోషిహిరో, అనివా జున్, హరదా తెరువో మున్నగువా రా మండలివారు. ఖండనముతోఁ దృప్తిపడక, ఎవ్వరినిఁ ద్రోసివేయని సభను దామే జరిపిరి. ఈ సంతకు మూల మొక బహిష్కారమని జ్ఞప్తియందుంచుకొనవలెను. తరువాతి కట్టుబాట్లన్నియు దానినుండియే పుట్టినవి.

ప్రథమసమావేశమును దదనంతరవృద్ధియు

టోక్యోలోని తొరనొమోన్ పేటలో నగ్నిమాపకసంఘభవనపు సభాగృహమున మొదటి సంత జరిగెను. 32 మండలులును, సుమారు 700 మంది జనులును వచ్చిరి. వచ్చినవారిలోఁ బెక్కండ్రు మాధ్యమిక, ఉన్నతపాఠశాలల విద్యార్థినులు. బాలికల చిత్రకథలయం దాసక్తి గలవారు. చిత్రకథాభిమాని యనఁగాఁ బురుషుఁడే యనుకొను భ్రమకు ఈ యొక్కలెక్కయే సమాధానము.

1981 మొదలు హరుమి ప్రదర్శనశాలలు దీనికి ముఖ్యస్థానములైనవి. ఆ దశాబ్దమధ్యమున 'కెప్టెన్ త్సుబసా' యను బంతియాటకథ నాధారముగాఁ జేసికొని యువతులు వ్రాసిన పుస్తకములు వెల్లువగా వచ్చెను. ప్రసిద్ధకథనుండి పాత్రలను గైకొని వేఱొక కథ నల్లుటకు వారు 'రెండవసృష్టి' యని పేరిడిరి. మార్కండేయపురాణమునందలి స్వారోచిషకథనుండి పెద్దనార్యుఁడు మనుచరిత్రమును నిర్మించిన విధము నెఱిఁగినవారికి నీ వ్యాపారము సహజముగనే తోఁచును. భేద మొక్కటి కలదు: వ్యాసునికి హక్కుదారులు లేరు, నేఁటి చిత్రకథకుఁ గలరు.

1989లో మకుహారిలోని క్రొత్తప్రదర్శనశాలకు సంత తరలెను. 1991లో నశ్లీలచిత్రములనుగూర్చి రక్షకభటులు పుస్తకపుటంగళ్లపై దాడులు జరుపఁగా, ఆ శాలవారు స్థలమీయ నిరాకరించిరి. బహిష్కారముచేఁ బుట్టిన సభకు మఱల బహిష్కారము ప్రాప్తించెను. సంత తిరిగి హరుమి చేరి, పుస్తకపరీక్షను గట్టుదిట్టము చేసికొనెను. 1996 మొదలు అరియాకెలోని 'బిగ్ సైటు' అను మహాశాలయందు జరుగుచున్నది. ఏటికి రెండుమార్లు, ఎండకాలమున నాగస్టులోను, చలికాలమున డిసెంబరులోను గూడుట వాడుక. కోవిడ్ మహమ్మారిచే 2020 మేనెలలో జరుగవలసినది రద్దుకాఁగా, 2021 డిసెంబరులో దినమునకు 55,000 మందికి మితిచేసి పునఃప్రారంభించిరి.

బల్లవెనుకటి యనుభవము

సంతలో నొక మండలికి లభించునది సగము బల్ల. నిండుబల్ల పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 45. అనఁగా మండలి రాజ్యము మూఁడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. దానితో రెండు కుర్చీలు. ఈ కొలఁది ప్రసిద్ధునకును బ్రథమప్రయత్నము చేయువానికిని సామాన్యమే. స్థలములు సుమారు 35,000 ఉన్న యేండ్లయందును దరఖాస్తులు వానిని మించుచుండును గనుకఁ జీట్లు వేసి యెన్నుకొందురు. దరఖాస్తుతో నొక చిన్నగడిలోఁ బట్టునంతటి బొమ్మను వ్రాసి పంపవలెను. ఇటుకవలె బరువైన జాబితాగ్రంథమున వేలకొలఁది గడుల నడుమ నా బొమ్మ యొక్కటియే యాతనిఁ బరిచయము చేయును. చిన్నగడిలోఁ దన స్వభావమునంతయు జూపవలసివచ్చుట చిత్రకారునకు సూత్రరచనవంటి పరీక్ష.

స్థలము దొరకినపిదప నచ్చుకూటమువారి గడువు తఱుముచుండును. పగలు కొలువు చేసికొని రాత్రులు గీయువారే పెక్కండ్రు. అచ్చైన కట్టలను గొందఱు ముద్రాపకులు తిన్నగా సంతకే పంపి బల్లక్రిందఁ బెట్టింతురు. కర్త తన పుస్తకమును మొట్టమొదట జూచునది యా యుదయముననే. కట్ట విప్పి, పుటలు తిరగఁబడినవో, అచ్చు మాసినదో చూచుకొని, గుడ్డ పఱచి, వెలచీటి నిలిపి, చిల్లరనాణెములు సర్దుకొనును. పిదప నూతనపుస్తకము ప్రతి యొకటి నిర్వాహకుల కర్పింపవలెను. వారు దానిని బరీక్షించి భద్రపఱతురు. ఇట్లు దాఁచఁబడినవి లక్షలసంఖ్యకెక్కినవి. వంద ప్రతులు వేసి యఱువది మిగుల్చుకొన్నవాని పుస్తకమును సైత మొక భాండాగారమున నిలిచియుండును.

ఉదయమునఁ బ్రారంభప్రకటన వినఁబడఁగనే శాలయంతయుఁ జప్పట్లు మ్రోగును. కొన్నవారు, అమ్మువారు, నిర్వాహకులు నందఱును జఱతురు. ఇచ్చట 'గిరాకి'యను పదమునకుఁ దావు లేదు. బల్లకు ముందు నిలిచినవాఁడును, వెనుకఁ గూర్చుండినవాఁడును, జీతములేక బారులు తీర్చు సేవకుఁడును, మువ్వురును 'పాల్గొనువారు' అనియే సంత సిద్ధాంతము. గిరాకి కానివానికి మర్యాదను గోరు నధికారము లేదు. బారు తప్పినచో సర్దుకొనవలసిన బాధ్యతయుఁ గలదు.

పేరొందిన మండలులను గోడప్రక్కల నుంతురు. వారికొఱకు నిలుచు జనుల బారు శాలవెలుపలికిఁ బోవలసియుండుటయే దానికిఁ గారణము. తక్కినవారు శాలనడుమ ద్వీపములవలెఁ గూర్చిన బల్లలయందుందురు. గోడప్రక్క నున్నవానికిఁ దలయెత్తుటకుఁ దీఱిక యుండదు. ద్వీపమునందున్నవానికిఁ దలయెత్తి చూచుటయే పని. జనులు పోవుచుందురు, ఒకరు నిలుతురు, చూడవచ్చునా యని యడిగి పుస్తకము చేతఁబట్టుదురు. కర్త ముందఱ నాతని పుటలు తిరుగుచుండఁగా, ఏ పుటయొద్ద నాఁగెనో, ఎచ్చట నవ్వెనో, ఎచ్చటఁ బెదవి విఱచెనో యన్నియు గర్త కన్నులఁబడును. మాసపత్రికలలో వ్రాయు చిత్రకారునకుఁ జదువరుల యభిప్రాయము ఉత్తరపుఁ గార్డుల లెక్కగాఁ జేరును; ఇచ్చట ముఖముగాఁ జేరును. కొందఱు పుస్తకమును మెల్లగా యథాస్థానమునఁ బెట్టి, వందనము చేసి వెడలిపోవుదురు. ఆ క్షణమును సహింపనేర్చినవాఁడే మఱల బల్లకై దరఖాస్తు పెట్టును. రాజసభలోఁ గృతి వినిపించిన కవులకును నీ పరీక్షయే యుండెను గాని, వారికి శ్రోత యెదురుగా మూఁడడుగుల దూరమున నుండలేదు.

ఇరుగుపొరుగు మండలులవారు తమ పుస్తకములను బరస్పరము మార్చుకొనుట యాచారము. ఈ మార్పిడిలో వెలయే లేదు. అన్నిప్రతులు చెల్లినచోఁ బ్రక్కవారు చప్పట్లు కొట్టుదురు. సాయంకాలము ముగింపుప్రకటనతో మఱల నందఱును జఱచి, మిగిలినవి పెట్టెలఁ గట్టి పంపుకొందురు.

జమాఖర్చులు

ముద్రణము, బల్లరుసుము, రైలుఖర్చు, బస యనునవి వ్యయములు. కొన్నివందల యెనుల వెలగల ప్రతులు పదులో వందలో చెల్లుట యాదాయము. సంతవారు తమ 35వ వార్షికోత్సవ సందర్భమున జరిపిన పరిశీలనమునందు నష్టమునఁ బడు మండలులే యధికసంఖ్యాకములని తేలినది. వేలకొలఁదిప్రతులు వేసి లాభించువారు గోడప్రక్కల నుండు కొందఱు. ఇట్టివారినుండి వృత్తిచిత్రకారులైనవారును గలరు. 1980 తరువాత నిట్టి పుస్తకములతో మొదలిడిన 'క్లాంప్' అను స్త్రీల మండలి 1989లో వృత్తిపత్రికలలోఁ బ్రవేశించి ఖ్యాతి గన్నది. యోషినగా ఫుమి వృత్తియందు బ్రసిద్ధురాలైన పిదపను, తన 'యాంటిక్కు బేకరీ' కథకు ఉపకథలను దానే యిట్లు ప్రచురించెను. పెద్దప్రకాశకుఁడు గలవారు సైత మీ బల్లకుఁ దిరిగివచ్చుటచే, ఇది వృత్తికి నిచ్చెన మాత్రమే కాదని స్పష్టము.

వెల పుచ్చుకొను పంపకము పంపకమగునా యని యాక్షేపింపవచ్చును. శాసనమునకు మాటతోఁ బనిలేదు. లాభించినవారు పన్ను చెల్లింపవలసినదే. 1999లో 'పోకెమోన్' పాత్రలతో నశ్లీలపుస్తకము చేసి చెల్లించిన యొక యువతి హక్కుదారుల ఫిర్యాదుపై నిర్బంధింపఁబడి, లక్ష యెనుల జుల్మానా చెల్లించెను. 2005లో 'దోరేమోన్' కథకు ముగింపు కల్పించి యొకఁడు వేసిన పుస్తకము సుమారు 13,000 ప్రతులు చెల్లఁగా, 2007లో నాతఁడు క్షమాపణచెప్పి లాభములో భాగమును హక్కుదారులకుఁ జెల్లించెను. ఎన్నియో వేల రెండవసృష్టులను జూచియుఁ జూడనట్లున్న హక్కుదారులు ఈ రెండింటియెడలఁ గదలుటకుఁ గారణము లొకటి స్వరూపవికృతియు, రెండవది విక్రయబాహుళ్యమును నైయుండును. కొలఁదికి లోఁబడిన రెండవసృష్టిని సహింతురు. మూలమునకుఁ బోటీయైనచో సహింపరు. కావున 'హంపు' అను మాట శాసనమున రక్షణకవచము గాదు. కర్త తన్నుఁ దాను హద్దులో నుంచుకొనుటకుఁ బెట్టుకొన్న నియమము.

కేవల స్వతంత్రకల్పనములకే పరిమితమైన 'కోమితియా' యను వేఱొక సంత 1984 మొదలు టోక్యోలో జరుగుచున్నది. ఇందు ప్రసిద్ధపాత్రల నీడ లేదు. కర్తపేరు నెవ్వరు నెఱుఁగరు, పుస్తకమే మాటలాడవలెను. దానిని బెక్కేండ్లు నడపిన నకమురా కిమిహికోకు 2013వ సంవత్సరపు జపాను మాధ్యమకళోత్సవమున విశిష్టసేవాపురస్కార మీయఁబడెను. 2020లో నీ సంతలు నిలిచిపోయి సంస్థ నిలుచుటే సందేహమైనపుడు, పాల్గొనువారే చందాలు వేసికొని పదికోట్ల యెనులకుఁ బైబడి కూర్చిరి. గిరాకులు తమ యంగడి మూతపడినచో వేఱొక యంగడికిఁ బోవుదురు, చందాలు వేయరు. 'పాల్గొనువారు' అను పేరు కేవలము మర్యాదమాట గాదనుటకు ఇంతకన్న బలవత్తరమైన నిదర్శనము దొరకదు.

ఫలితాంశము

పైవిచారమువలన మూఁడంశములు తేలుచున్నవి. ఒకటి: ఈ సంత వర్తకావశ్యకతచేఁ గాక, ఒక సభ యొకనిఁ ద్రోసివేయుటచేఁ బుట్టినది, సగముబల్ల సమత్వము, ప్రతిపుస్తకమునకును భాండాగారప్రవేశము, గిరాకిశబ్దనిషేధము అనునవి యా జన్మకారణమునకుఁ గార్యములు. రెండు: 2006 అక్టోబరు 1వ తేదిని యోనెజావా దివంగతుఁ డైనను, సంత యాతనితో నంతరింపలేదు. ఆతని గ్రంథసంచయముతో మెయిజీ విశ్వవిద్యాలయమున 2009లో నొక స్మారకగ్రంథాలయము నెలకొనెను. మూఁడు: విక్రయవితరణముల వివాదమున నుభయపక్షములును సగము సత్యములే. సొమ్ము చేతులు మాఱుచున్నది గనుక నది విక్రయమే; కాని ఫలము పెక్కండ్రు కర్తలనుఁ జేరుట లేదు. ఫలము చేరకున్నను ఆత్మనేపదమును విడువని 'వి'పూర్వక 'క్రీ' ధాతువువలె, వారు నష్టమునందును దమ బల్లను విడుచుట లేదు. తనకొఱకు వ్రాసికొన్న పుస్తకమును దన చేతితోనే యొక యపరిచితునకుఁ జేర్చు నా యొక్క క్షణమే వారు పొందు ఫలము. దానిని లెక్కపుస్తకమున నే పద్దునను వేయలేకపోవుటచేతనే, సంతవారు దానికి విక్రయ మను పేరు పెట్టుట కొప్పుకొనరైరి.